బల్ల మీద సన్యాసమ్మ

వన్ టౌన్ సన్యాసమ్మ ఆసుపత్రికి వచ్చే రోజు ఉతికిన చీర కడుతుంది. ఖాళీ మందుసీసా పట్టుకుని, ఎత్తుదారిలో గోడ ఆసరాగా ఎక్కుతుంది. సగం దారిలో ఊపిరి అందదు. ఎవరైనా చూస్తే నవ్వుతుంది. పైన వరండాలో బల్ల మీద కూర్చుంటుంది. ఓపీ వరస కదలదు. రాత్రుళ్లు పడుకుంటే ఆయాసం వచ్చి కూర్చునే తెల్లవారుస్తుంది కనుక, రేవుగాలి తగలగానే కళ్లు మూతపడతాయి. రేవులో కలాసీగా పనిచేసి చనిపోయిన మొగుడు కలలో తలగుడ్డ విప్పుతూ నీళ్ల మీద నడిచి వస్తుంటాడు. పిలుపు వచ్చేసరికి ఆయాసం ఉండదు. "ఎలా ఉంది మామ్మా?" అంటాడు డాక్టరు రమణమూర్తి. "బాగున్నాను బాబూ. నువ్వు బాగున్నావా?" డాక్టరంతటివాడు పలకరిస్తే బాగాలేనని చెప్పడం ఆమెకు మర్యాదగా తోచదు. అదే ఎర్రమందుతో సీసా నిండుతుంది.

ఒకరోజు స్కూటరు మొరాయించి డాక్టరు ఆ ఎత్తుదారినే నడిచి వచ్చాడు. గోడకు ఆనుకున్న ముసలమ్మ పెదవులు నల్లబడి ఉన్నాయి. "నువ్వెల్లు బాబూ, నాను కాసేపాగి వత్తాను," అంది, అతనెవరో చూడకుండానే. మధ్యాహ్నం గదిలో ఆమె బాగున్నాననే అంది. అతను లేచాడు. "పద మామ్మా, కిందిదాకా వెళ్లొద్దాం."

"అప్పుడే పంపించేత్తన్నావేటి బాబూ?" అంటూ వెంట నడిచింది. తిరిగి ఎక్కుతుంటే ఆమె చెయ్యి తనంతట తానే గోడ మీదికి వెళ్లింది.

"నా రోగం ఇక్కడే ఉంటాది బాబూ," అంది, రొప్పుతూ నవ్వి. "నాతో లోపలికి రాదు."

అతను ఆ ఎండలోనే స్టెతస్కోపు ఆమె వీపుకు ఆనించాడు. రేవులో ఓడ కూసింది. కూత ఆగేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు వినడం మొదలుపెట్టాడు.