రంగుల గది ఉత్తరాల దారి

ఆ రంగుల ఫ్యాక్టరీలో ఈమెయిళ్ళు చూసే మనిషిని అందరూ పోస్టుమాస్టరనే పిలిచేవారు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క కవరుకు జిగురు అంటించి ఎరగడు, అయినా ఆ పేరు వదల్లేదు. క్యాంటీను గిడ్డంగి పక్కన కిటికీ లేని గది అతనిది. సర్వరు వేడెక్కకూడదని అక్కడ ఏసీ ఎంత బిగించి పెట్టారంటే, లోపల తుమ్మినవాడి తుమ్ము గడ్డకట్టి మర్నాడు వినిపించేదట. అతను స్వెట్టరుతోనే పుట్టాడనీ, పెళ్ళి పీటల మీద కూడా విప్పలేదనీ చెప్పుకునేవారు.

బయటికి పోయే ఈమెయిలు ఉత్తరాలకు దారి చూపడం అతని పని. అమ్మకాల వాళ్ళవి ఒక దారిన, లెక్కల వాళ్ళవి తాళం వేసిన ఇంకో దారిన, మిగతా జనానివి మామూలు దారిన పోతాయి. ఎవరు ఏ గుంపో చెప్పే జాబితాలు ఉంటాయి. పేరు చేర్చినా తీసేసినా దారి దానంతట అదే మారుతుంది.

ఆ నెలలో మేనేజరు కొత్త గుంపు పెట్టించాడు. రంగుల గదిలో పనిచేసే ముప్ఫై ఒక్కమంది బయటికి ఏం పంపినా ముందు ఆయన బల్ల మీదికి రావాలి. ఆయన చదివి సరేనంటేనే గడప దాటాలి. పంపినవాళ్ళకు మాత్రం ‘వెళ్ళింది’ అనే కనిపిస్తుంది. ఎందుకని పోస్టుమాస్టరు అడగలేదు. రంగుల గదిలో దగ్గు ఎక్కువైందని క్యాంటీను పిల్లికి కూడా తెలుసు. జాబితాలో ఏడో పేరు అతని బావది, సొంత అక్క మొగుడిది. దాన్నీ మిగతావాటిలాగే టైపు చేశాడు.

శుక్రవారం పదకొండున్నరకు బావ ఆ గదికి వచ్చాడు. దగ్గు తగ్గేదాకా గుమ్మంలోనే ఆగాడు.

“ఏరా బామ్మర్దీ, ఐసులో పెట్టిన చేపలా తయారయ్యావు. ఇంటికెళ్తే చెల్లెమ్మ గుర్తుపడుతోందా?”

“కూర్చో బావా.”

“కూర్చుంటే లేవడానికి మళ్ళీ దగ్గాలి. విను. ఛాతీ ఆసుపత్రిలో కొత్త వైద్యం మొదలెడుతున్నారు, ఇరవైమందికే. నేను రంగుల గదిలో పదకొండేళ్ళు చేశానని ఫ్యాక్టరీ ఈమెయిలు చిరునామా నుంచి ఉత్తరం పోవాలట, ఇవాళ ఐదులోగా. సొంత చిరునామాది చెల్లదు. మావాళ్ళు పంపినవేవీ చేరట్లేదంటున్నారు. నాది చేరుతుందా?”

పోస్టుమాస్టరు జాబితా తెరిచి ఏడో పేరు తీసేశాడు.

“ఇప్పుడు చేరుతుంది. వెళ్ళి వెంటనే పంపు. అక్కక్కూడా చెప్పకు.”

“మీ అక్కకి చెప్పడమా? ఫ్యాక్టరీ సైరన్‌కి చెప్పినా కాస్త ఆలస్యంగా తెలుస్తుంది ఊరికి.”

బావ నవ్వబోయి మళ్ళీ దగ్గుకుంటూ వెళ్ళాడు.

ఒంటిగంటకు భోజనం డబ్బా మూత తీశాక పోస్టుమాస్టరుకు అసలు సంగతి గుర్తొచ్చింది. సర్వరు ఉత్తరం ఉత్తరానికీ జాబితా తిరగెయ్యదు. ఒకసారి చూసుకున్నదాన్నే నాలుగు గంటలు పట్టుకు కూర్చుంటుంది. పదింటికి చూసింది, మళ్ళీ చూసేది రెండింటికే. కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే అతను చెప్పే పాఠం అది. తన మనిషి ఎదురుగా దగ్గుతూ నిలబడేసరికి తనకే తట్టలేదు.

తెర మీద చూశాడు. బావ ఉత్తరం మేనేజరు బల్ల మీదుంది. పక్కన చదివిన గుర్తు కూడా పడింది.

కాసేపటికి ఫోను మోగింది.

“మీ బావ ఆసుపత్రికేదో రాశాడే,” అన్నాడు మేనేజరు, వాతావరణం గురించి మాట్లాడినట్టు. “నా దగ్గరే ఉండనీ. ఆ గుంపులో పేర్లన్నీ ఉన్నాయిగా? ఒకటీ తగ్గలేదుగా?”

“అన్నీ ఉన్నాయండి.”

ఫోను పెట్టేసి, ఆ మాట నిజం చేయడానికి ఏడో పేరు మళ్ళీ ఎక్కించాడు. అప్పటికి గడియారంలో ఒంటిగంట నలభై. ఇంకో ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని ఉంటే, బావను మళ్ళీ పంపమంటే, ఉత్తరం నేరుగా పోయేది. రెండింటికి సర్వరు జాబితా చూసుకుంది. ముప్ఫై ఒక్కమందీ ఉన్నారు.

సాయంత్రం ఏడింటికి అక్క ఇంటికి వెళ్ళాడు. బావ మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. అక్క కషాయం కాస్తోంది.

“రారా. వెళ్ళిందనే చూపించింది నాకు. ఆసుపత్రి నుంచి ఉలుకూ పలుకూ లేదేంటి?”

“వెళ్ళలేదు బావా.” నాలుగు గంటల సంగతి చెప్పాడు. మేనేజరు ఫోనూ, పేరు మళ్ళీ ఎక్కించిందీ చెప్పాడు.

అక్క పొయ్యి ఆపేసి అక్కడే నిలబడిపోయింది. బావ చాలాసేపు దుప్పటి అంచు సర్దుకున్నాడు.

“పోనీలే, పిల్లలు గలవాడివి,” అన్నాడు చివరికి. తర్వాత నెమ్మదిగా, తనలో తను అనుకుంటున్నట్టు, “నువ్వు ఆ గుంపులో లేవు కదరా. నేనక్కడ పనిచేస్తున్నానని నీ చిరునామా నుంచి నువ్వు రాసినా సరిపోయేదేమో. ఫ్యాక్టరీ చిరునామాయేగా. హడావిడిలో నీకు తట్టలేదు.”

“తట్టలేదు బావా,” అన్నాడు పోస్టుమాస్టరు.

మూడింటికే తట్టింది. నాలుగు వాక్యాలు టైపు చేసి, ఐదు దాటేదాకా వాటినే చూస్తూ కూర్చుని, చెరిపేసి వచ్చాడు.