రద్దయిన పావుగంట

2003లో నేను చీమకుర్తిలో ఒక లోకల్ కేబుల్ చానల్లో ప్రోగ్రామ్ ఇన్‌ఛార్జిగా పనిచేసేదాన్ని. చానల్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. మెయిన్ రోడ్డు మీద ఎరువుల కొట్టు పైన మూడు గదులు. ఒకదాంట్లో కంట్రోల్ రూమ్, ఒకదాంట్లో నీలం తెర కట్టిన స్టూడియో, మూడోదాంట్లో నేనూ, నా టేబులూ, ఒక ఫోనూ. కింద రోడ్డు మీద గ్రానైట్ బండలేసుకుని లారీ పోయినప్పుడల్లా మా కెమెరా వణికేది. వార్తలు చదివే అమ్మాయి లారీ దాటేదాకా ఆగి మళ్లీ అందుకోవడం అలవాటు చేసుకుంది.

నా అసలు పని ఎఫ్.పి.సి. తయారుచేయడం. ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటారు దాన్ని. పెద్ద కాగితం మీద రోజుని పావుగంటలుగా, అరగంటలుగా గళ్లు కొట్టి, ఏ గడిలో ఏ కార్యక్రమం రావాలో రాసే పట్టిక. ఒక్కో గడిని స్లాట్ అంటాం. ఏ స్లాట్‌కి ప్రకటన వచ్చింది, దేనికి ఉత్తరాలు వచ్చాయి, ఏది దండగ అని చూసుకుంటూ కూర్చోవడమే నా ఉద్యోగం. ఆ పని నాకు బాగా వచ్చునని అనుకునేదాన్ని.

ఆ ఏడు శాటిలైట్ చానళ్ల డైలీ సీరియళ్లు మమ్మల్ని గట్టిగా దెబ్బకొట్టాయి. మధ్యాహ్నం పూట మా చానల్ పెట్టే ఇల్లే కనబడేది కాదు. మా యజమాని వెంకట్రావు గారు శ్రావణ మాసం నుంచి మొత్తం మార్చేద్దామన్నారు. కొత్తగా వచ్చేవి, మళ్లీ వచ్చేవి, ఆగిపోయేవి అని మూడు జాబితాలు రాసుకురమ్మన్నారు. కొత్తవాటిలో బడిపిల్లల క్విజ్, ఫోన్ చేసి అడిగిన పాట వేసే లైవ్ ప్రోగ్రామ్ పెట్టాను. ఎండాకాలంలో ఆపేసిన మిర్చి, పత్తి రైతుల కార్యక్రమాన్ని మళ్లీ వచ్చేవాటిలో రాశాను. ఆగిపోయేవాటిలో మొట్టమొదట రాసింది పన్నెండుంపావుకి వచ్చే 'సమాచారం'.

అది పావుగంట కార్యక్రమం. అందులో మనిషి కనబడడు, మాట వినబడదు. వెనక వీణ మోగుతుంటే తెర మీద అక్షరాల స్లయిడ్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఏ వీధికి మంచినీళ్లు ఎప్పుడొదులుతారు, ఏ ఊళ్లో కరెంటు తీస్తారు, ఎవరి గేదె తప్పిపోయింది, ఏ క్వారీలో ఎన్నింటికి బ్లాస్టింగ్ ఉంది, ఇవన్నీ ఉండేవి. బ్లాస్టింగ్ అంటే రాతికి గుంటలు వేసి, మందు కూరి పేల్చడం. అది రోజూ ఉండదు, ఉన్నా ఒకే టైముకి ఉండదు. అందుకని క్వారీ ఆఫీసుల వాళ్లు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేవాళ్లు. మేము రాసి చూపించేవాళ్లం. మూడేళ్లలో ఆ కార్యక్రమం గురించి ఒక్క ఉత్తరం రాలేదు, ఒక్క ఫోన్ రాలేదు.

వెంకట్రావు గారు జాబితా చూసి ఒక్క మాట అడిగారు. "మరి క్వారీల టైములు ఎట్టాగమ్మా?"

"పన్నెండింటి వార్తల చివర చదివిద్దామండి. కూర్చుని స్లయిడ్లు చదివేవాళ్ల కంటే పనిచేసుకుంటూ వినేవాళ్లే ఎక్కువ కదా" అన్నాను.

ఆయన తలూపారు. వారం రోజులు ప్రోమో వేశాం. ప్రోమో అంటే రాబోయే కార్యక్రమాల గురించి ముందుగా వేసే ప్రకటన. కొత్తవీ, మళ్లీ వచ్చేవీ చూపించాం. ఆగిపోయేవి చూపించలేదు. పోయేవాటి గురించి చాటింపు ఎందుకని నేనే వద్దన్నాను.

సోమవారం కొత్త పట్టిక మొదలైంది. పాటల ప్రోగ్రామ్‌కి ఫోన్లు బాగా వచ్చాయి. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట కావస్తుంటే, నేను అన్నం గిన్నె విప్పుతుండగా ఒకాయన మెట్లెక్కి వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. జుట్టు మీదా చొక్కా మీదా తెల్లటి రాతిపొడి. గ్రానైట్ కోసే కటింగ్ యూనిట్ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. పేరు కోటయ్య అన్నాడు.

"అమ్మా, పన్నెండుంపావుకి రాసి చూపిస్తారే, అది ఏమైంది? టీ కొట్లో టీవీ చూస్తే పాటలొస్తన్నాయి" అన్నాడు.

అది తీసేశామనీ, ఇప్పుడు వార్తల్లో చదువుతున్నామనీ చెప్పాను. కొంచెం విసుగ్గానే చెప్పి ఉంటాను. ఆయన కదల్లేదు.

"నిన్న కూడా రాలేదా?"

"నిన్నటి నుంచే మార్చామండి."

"మా ఆవిడకి వినపడదమ్మా" అన్నాడు ఆయన. "పదేళ్ల కింద జ్వరమొచ్చి చెవులు పోయినియ్. చదవటం వచ్చు. రోజూ మీరు రాసింది చూసుకునే పొలానికి పోద్ది."

మిగతాది ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. వాళ్ల ఎకరం పొలం ఊరి పక్కనున్న క్వారీ గుంతను ఆనుకుని ఉంది. మిరప నారు పోశారు. ఆవిడ పేరు మంగమ్మ. రోజూ అన్నం తిని, మా స్లయిడ్లు చూసి, నారుకి నీళ్లు పెట్టడానికి వెళుతుంది. స్లయిడ్లో వాళ్ల క్వారీ పేరుంటే పేలుడు అయ్యేదాకా ఇంట్లో ఆగుతుంది. పేరు లేకపోతే లేదనుకుని బయల్దేరుతుంది. మొగుడూ పెళ్లాం పెట్టుకున్న లెక్క అది. నిన్న స్లయిడ్లు రాలేదు, పేలుడూ జరగలేదు. కాబట్టి ఇవాళ కూడా రాకపోతే లేదనే అనుకుంటుంది.

టేబుల్ మీద పన్నెండింటి వార్తల కాగితం అలాగే ఉంది. చివరి పేరాలో ఆ క్వారీ పేరు ఉంది. ఒంటిగంటన్నరకి బ్లాస్టింగ్. పొద్దున ఆ ఫోన్ ఎత్తి, ఆ వాక్యం రాసుకున్నది నేనే.

క్వారీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి, మూడోసారి కూడా అంతే. పేల్చే ముందు ఆఫీసు ఖాళీ చేసి అందరూ దూరంగా పోతారన్న సంగతి కోటయ్యే చెప్పాడు. ఆయన ఊళ్లో ఫోన్ ఉన్న ఇంటికి చేస్తే ఎవరో ముసలమ్మ ఎత్తింది. మంగమ్మ ఇప్పుడే బిందె పట్టుకుని అటు పోయిందని చెప్పింది. ఎవరినైనా పంపించమంటే, మగవాళ్లు ఎవరూ లేరంది. నేను కంట్రోల్ రూమ్‌లోకి తొంగిచూసి, ఆ బ్లాస్టింగ్ స్లయిడ్ వెంటనే వేయమని అరిచాను. వేశారు కూడా. ఆవిడ ఇంట్లో లేనప్పుడు ఆ స్లయిడ్ ఎవరి కోసమో నాకే తెలియదు.

కోటయ్య అప్పటికే మెట్లు దిగుతున్నాడు. "నేనూ వస్తాను. క్వారీ వాళ్లకి నేను చెబితే వింటారు" అంటూ వెనకాలే దిగి ఆయన మోపెడ్ ఎక్కాను.

ఆరు కిలోమీటర్లు ఉంటుంది. మామూలుగా అయితే పావుగంట దారి. ఆ రోజు మా ముందు వరసగా లారీలు. ఒక్కోదాని మీద గదంత నల్లబండ. దుమ్ములో ముందు దారి కనబడదు, దాటబోతే ఎదురుగా ఇంకో లారీ. కల్వర్టు దగ్గర ఒక లారీ టైరు పేలి అడ్డంగా ఆగిపోయింది. కోటయ్య మోపెడ్‌ని పక్క పత్తి చేలోకి దింపి, మళ్లీ ఎక్కించాడు. నన్ను తిట్టినా బాగుండేది. చేతి గడియారం చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. ఎన్నడూ చూడని ఆ మనిషి, నారుమడిలో వంగి బిందెతో నీళ్లు పోస్తున్నట్టు కళ్ల ముందు ఆడుతోంది. వెనక్కి తిరగదు. పిలిస్తే పలకదు.

క్వారీ మలుపులో ఎర్రజెండా పట్టుకుని కాపలా మనిషి అడ్డంగా నిలబడ్డాడు. మొదటి సైరన్ అయిపోయిందనీ, ఇంక ఎవరినీ పంపననీ చెప్పాడు. పొలంలో మనిషి ఉందని చెబితే, ఎవరూ లేరు, రెండుసార్లు ఈల వేసి కేకేశాను, ఎవరూ పలకలేదన్నాడు.

"కేకేస్తే పలికేదయితే నేనెందుకొస్తానయ్యా" అన్నాడు కోటయ్య. గొంతు పెద్దది చేయలేదు.

కాపలా మనిషి మొహం మారిపోయింది. మడి చుట్టూ ఎత్తుగా కందికంప దడి కట్టి ఉంది. వంగున్న మనిషి ఇవతలికి కనబడదు. ఆయన జెండా ఊపుకుంటూ గుంత వైపు నాలుగడుగులు పరుగెత్తాడో లేదో రెండో సైరన్ మోగింది. అక్కడే ఆగిపోయాడు.

"వత్తి ముట్టించారు. ఇంక ఆపటానికి లేదు" అన్నాడు.

కోటయ్య మోపెడ్ వదిలేశాడు. అది నా పక్కనే పడింది. ఆయన చేలో పడి పరుగెత్తుతున్నాడు. నేనూ రెండడుగులు వేశాను. కాపలా మనిషి నా చెయ్యి పట్టి లాగి ఒక బండ వెనక కూలేశాడు. సైరన్ మోగుతూనే ఉంది. ఊరంతా వినబడే ఆ మోత, వంద గజాల్లో ఉన్న ఆవిడకి వినబడదు. ఆ మోత ఆగింది. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం ఎంతసేపో నాకు తెలియదు. మనసులో ఏ దేవుడి పేరూ రాలేదు. చెప్పాల్సింది, ఆపేస్తున్నామని చెప్పాల్సింది, అదే మాట తిరుగుతోంది.

ముందు నేల కదిలింది. తర్వాత చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు ఆకుల మీద, మట్టి మీద రాళ్లు పడుతున్న చప్పుడు. దుమ్ము లేచి పొలం కనబడకుండా పోయింది.

కాపలా మనిషి లేవమన్నాక లేచి, "మంగమ్మా" అని అరుస్తూ పరుగెత్తాను. నాలుగుసార్లు అరిచాక గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. దడి ఒకవైపు పడిపోయి ఉంది. నారుమడి పక్కన మోకాటి లోతు పిల్లకాలవ ఉంది. అందులో కోటయ్య బోర్లా పడి ఉన్నాడు. ఆయన కదలడం లేదు. నేను దగ్గరికి వెళ్లలేకపోయాను, అక్కడే నిలబడిపోయాను. కాపలా మనిషి దిగి భుజం పట్టుకుంటే కోటయ్య తలెత్తాడు. ఆయన కిందినుంచి, ఒళ్లంతా బురదతో ఒక ఆడమనిషి లేచి కూర్చుంది.

కోటయ్య ఎడమ మోచెయ్యి చీలి నెత్తురు కారుతోంది. మంగమ్మకి ఏమీ కాలేదు. మొగుడు ఎందుకు వచ్చి మీద పడ్డాడో, భూమి అదిరేదాకా ఆవిడకి అర్థం కాలేదట. కొంగు చింపి ఆయన చేతికి కట్టింది. అప్పుడు నన్ను చూసింది. నేనెవరో కోటయ్య వేలితో గాల్లో టీవీ పెట్టె గీసి చెప్పాడు.

చెవులు పోయినవాళ్లు కొందరు మాట్లాడినట్టే, ఆవిడ కొంచెం గట్టిగా, ఎత్తూపల్లం లేకుండా మాట్లాడింది. "రెండ్రోజుల నించి చూస్తన్నానమ్మా. పాటలోళ్లు కనపడ్డారు. అయిపోయిందాకా కూర్చున్నా, రాత రాలా. లేదనుకుని వచ్చా. నేనే సరిగ్గా చూళ్లేదా?"

నా సంచిలో కాగితం లేదు. బురదలో వేలితో రాశాను, తప్పు నాది అని. ఆవిడ చదివి, నా మొహంలోకి చూసి, మొగుణ్ణి లేపడానికి వంగింది.

కోటయ్యకి ఆరు కుట్లు పడ్డాయి. సాయంత్రం వెంకట్రావు గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. చానల్ మూతపడుతుందేమోనని ఆయన భయం. ఎవరికీ చెప్పవద్దన్నారు, కానీ మర్నాటి నుంచి పన్నెండుంపావు స్లాట్ తిరిగి ఇచ్చేశారు. పాటల ప్రోగ్రామ్‌ని పన్నెండున్నరకి జరిపాం. క్వారీ వాళ్లు పేల్చే ముందు పొలాల్లోకి మనిషిని పంపి చూసి రావాలని ఒప్పుకున్నారు. నేను స్లయిడ్లలో ఒక మార్పు చేశాను. బ్లాస్టింగ్ లేని రోజు కూడా ప్రతి క్వారీ పేరూ రాసి, ఎదురుగా 'ఈరోజు లేదు' అని రాయించాను. మా వాళ్లు నవ్వారు. లేనిదాన్ని కూడా రాసి చూపించే చానల్ మనదేనన్నారు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. మంగమ్మ నాకు మజ్జిగ ఇచ్చి టీవీ ముందు కూర్చుంది. సౌండ్ పూర్తిగా తగ్గించి ఉంది. వీణ లేదు, ఏమీ లేదు. ఆవిడ ప్రతి స్లయిడ్‌నీ పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. ఎక్కడో తెలియని ఊళ్లో తప్పిపోయిన గేదె కొమ్ముల వర్ణన కూడా వదల్లేదు. మూడేళ్లు నేను తయారుచేసిన ఆ కార్యక్రమాన్ని పూర్తిగా కూర్చుని చూడటం నాకు అదే మొదటిసారి.

ఆ తర్వాత గుంటూరులో పెద్ద చానల్లో చేరాను. ప్రతి ఏడూ కొత్తవి, మళ్లీ వచ్చేవి, ఆగిపోయేవి అని జాబితాలు వేస్తూనే వచ్చాను. ఉత్తరాలు రాని కార్యక్రమానికి చూసేవాళ్లు లేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆగిపోయేవాటి పేర్లు వారం ముందు నుంచి మాటలోనూ రాతలోనూ చెప్పించకుండా ఒక్క స్లాట్ కూడా మార్చనివ్వలేదు. ఎందుకింత పట్టుదల అని మీటింగుల్లో అడుగుతారు. ఆ చివరి జాబితా చదవాల్సిన మనిషి ఎక్కడో ఒక పొలానికి బయల్దేరుతూ ఉంటుందని మాత్రం చెబుతాను.