పట్టుచీరలా కొన్న సర్జ్ ప్రొటెక్టర్

ఆ రోజుల్లో కుర్రాడికి ఉద్యోగం వచ్చిందని నలుగురికీ తెలియాలంటే ఇంట్లోంచి చప్పుడు రావాలి. చేతికి వాచీ పెట్టుకుంటే ఎవరూ చూడరు, కొత్త చొక్కా వేసుకుంటే పుట్టినరోజేమో అనుకుంటారు. అదే అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ ఉన్న హోమ్ థియేటర్ కొని కిటికీలు తెరిచిపెడితే వీధి చివర ఇస్త్రీ బండి వరకూ మన సంగతి తెలుస్తుంది. అప్పటికి పండ్ల మార్కెట్టు ఇంకా కొత్తపేటలోనే ఉంది. ఎల్బీ నగర్ రోడ్డు పొడవునా మెట్రో పిల్లర్లు లేస్తున్నాయి. బత్తాయి లారీల హారన్లు, తవ్వకాల మోత, వీటన్నిటినీ దాటి మా ఇల్లు వినిపించాలన్నది నా పట్టుదల. (వినిపించింది. పక్కింటావిడ మాతో మాట్లాడటం మానేసింది.)

నా ఉద్యోగం ఎల్బీ నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్ కౌంటర్లో. వచ్చినవాళ్ల పేరు అడిగి, "నీళ్లు బాగా తాగి కూర్చోండి" అని చెప్పాలి. మా నాయినకు ఆ ఉద్యోగం మింగుడుపడేది కాదు. మాది పోచంపల్లి వైపు మగ్గాల కుటుంబం. తాత చీరలు నేశాడు, నాయిన దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు, ఆ తరువాత గల్లాపెట్టె వెనక నేను కూర్చోవాలి. "గాడ గూడ కౌంటరే, ఈడ గూడ కౌంటరే. మన కౌంటర్ల ఏం ముండ్లున్నయిరా?" అనేవాడు. ముళ్లేమీ లేవు. కానీ స్కానింగ్ సెంటర్లో ఏసీ ఉంది, మెడలో వేలాడే ఐడీ కార్డు ఉంది, అన్నిటికన్నా ముఖ్యంగా అక్కడ నాయిన లేడు. ఆ ఉద్యోగమంటే నాకు నిజంగా ప్రాణం.

హోమ్ థియేటర్ ఇంటికి వచ్చిన రోజు నాయిన దాని చుట్టూ ఒకసారి తిరిగి తీర్పు చెప్పేశాడు. దానికి కారణం లేకపోలేదు. ఆ ఎండాకాలంలోనే మా వీధికి హై వోల్టేజి వచ్చి పాత టీవీ పొగ వదిలి కన్నుమూసింది. "గిది గూడ గట్లనే కాలుతది సూడు. కాలిందనుకో, నీ నౌకరి బంద్. తెల్లారి దుకాణంల గూసోవాలె. ఒక్క డబ్బను కాపాడుకోరానోనికి నౌకరెందుకు?" అన్నాడు. నేను పౌరుషానికి పోయి "సరే, గూసుంట" అన్నాను. నోరు జారాక గానీ మా కొత్తపేట కరెంటు చేతిలో నా జీవితం పెట్టానని తెలిసిరాలేదు. ఆ కరెంటు మా ఫ్యానును ఒకసారి నీరసంగా తిప్పేది, ఇంకోసారి ఊడిపడుతుందేమో అన్నట్టు తిప్పేది.

అప్పుడు మొదలైంది నా చదువు. పరీక్షలకు కూడా అంత చదవలేదు. కరెంటు ఒక్కసారిగా ఎగిసిపడితే ఆ దెబ్బ తాను తిని మన వస్తువును కాపాడే ప్లగ్గుల పెట్టెను సర్జ్ ప్రొటెక్టర్ అంటారనీ, ఎన్ని జూల్స్ ఉంటే అంత దెబ్బ తట్టుకుంటుందనీ ఫోన్లో చదివి చదివి పండితుణ్నయ్యాను. స్కానింగుకు వచ్చి నీళ్లు తాగి కూర్చున్నవాళ్లకు కూడా చెప్పేవాణ్ని. (వాళ్లు లేచి పోలేని స్థితిలో ఉండేవాళ్లు కాబట్టి శ్రద్ధగా వినేవాళ్లు.) ఇంట్లో అమ్మకు కూడా పాఠం చెప్పాను. "కుక్కర్ లెక్కనే అమ్మా. ఆవిరి ఎక్కువైతే బయటికి పంపిస్తది సూడు, గట్ల." అమ్మ చాలాసేపు ఆలోచించి, "మరి విజిలేస్తదా?" అంది. వెయ్యదన్నాను. "విజిలెయ్యకుంటె మనకెట్ల ఎర్కైతది?" అంది. నేను జూల్స్ గురించి మళ్లీ మొదటినుంచీ చెప్పాను.

కొనడానికి దిల్‌సుఖ్‌నగర్ వెళితే అమ్మ కూడా బయల్దేరింది. మా ఇంట్లో ఏ వస్తువూ ఆమె వెనకవైపు తిప్పి చూడకుండా గడప దాటి లోపలికి రాదు. మగ్గం ఇంటి బిడ్డ కదా, చీర మంచిదో కాదో తిరగేసి చూస్తే తెలుస్తుందని ఆమె నమ్మకం. ఎలక్ట్రికల్ షాపాయన గుంటూరు వైపు మనిషి. నన్ను చూడగానే "రండి బాబూ, ఎరుపు లైటుదీ ఉంది, నీలం లైటుదీ ఉంది, ఏది తియ్యమంటారు?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని "జూల్స్ ఎంత?" అన్నాను. ఆయన పెట్టెను అరచేతిలో పైకీ కిందికీ ఆడించి, "బరువు చూడండి బాబూ, రాయిలాగుంది" అన్నాడు. ఇంతలో అమ్మ స్టూలు లాక్కుని స్థిరంగా కూర్చుని "ఇంకేమున్నయో సూపియ్యండి" అంది. అంతే, ఆయన చీరలు పరిచినట్టు కౌంటరంతా ప్లగ్గుల పెట్టెలు పరవాల్సి వచ్చింది. అమ్మ ఒక్కొక్కటీ తిరగేసి, వైరును రెండు వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పెట్టి చూసింది. "దీని రంగు పోదు గదా?" అని అడిగింది. "గోడకి పెట్టేదాన్ని ఉతుకుతారా ఏంటమ్మా?" అని ఆయన వాపోయాడు. చివరికి వెనక స్క్రూలన్నీ ఒకే వరసలో చక్కగా కూర్చున్న పెట్టె ఒకటి ఆమెకు నచ్చింది. "పని మంచిగున్నది. గిదే తీస్కో" అంది. అట్ట మీద చదివి చూస్తే షాపులో అన్నిటికన్నా ఎక్కువ జూల్స్ ఉన్నది అదే. నా చదువు గెలిచిందని నేనూ, తన కన్ను గెలిచిందని అమ్మా, షాపు ఖాళీ అయిందని ఆయనా సంతోషించాం.

ఆటోలో ఇంటికొస్తూ దాన్ని ఒళ్లో పెట్టుకుని అమ్మకు నా మనసులోని మాట చెప్పాను. "గిది ఉన్నన్ని దినాలు నాకేం పరేషాన్ లేదమ్మా. నా నౌకరంత దీని చేతులనే ఉన్నది. దీనికి మాత్రం ఏం గావద్దు." అమ్మ దాని వైపు, నా వైపు చూసి గంభీరంగా తలూపింది. అంత శ్రద్ధగా నా మాట ఎవరూ ఎప్పుడూ వినలేదని పొంగిపోయాను.

వానాకాలం వచ్చింది. ఒకరోజు ఆఫీసులో ఉండగా ఎల్బీ నగర్ మీద ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. ఒక ఉరుముకు స్కానింగ్ మిషన్లన్నీ ఆగిపోయి అందరూ పరుగులు పెడుతుంటే, నేను మాత్రం మా ఇంట్లో ఉన్న జూల్స్‌ను తలుచుకుని చిరునవ్వు నవ్వాను. సాయంత్రం తడిసి ఇంటికి చేరితే గుమ్మంలోనే కాలిన వాసన. నాయిన మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. అమ్మ మాత్రం వెలిగిపోతూ ఎదురొచ్చింది. "ఏం గాలె బిడ్డా! ఉరుము ఇనవడంగనే తీసి దాచిన" అంటూ బీరువా తెరిచి, తన పెళ్లి పట్టుచీరల నడుమనుంచి తెల్లటి మల్లు గుడ్డలో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే సర్జ్ ప్రొటెక్టర్. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు.

హోమ్ థియేటర్ వైపు తిరిగాను. ప్లగ్గు నేరుగా గోడలో ఉంది, డబ్బా వెనక నల్లటి మరక. "నేనైతె అన్ని ప్లగ్గులు పీకి పక్కింటికి పోయిన. గిది మల్ల ఎవలు పెట్టిన్రు?" అంది అమ్మ. ఆ రోజు దుకాణానికి సెలవు. నాయిన ఒళ్లో రిమోట్ ఉంది.

"ఉరుములు తక్కువైనయని… పాత పాటలు జర ఇందామని పెట్టిన" అన్నాడు నాయిన. "కరెంటు పోయి మల్ల ఒక్కపారే వచ్చింది." నా వైపు చూడకుండానే మళ్లీ అన్నాడు. "మంచిగనే ఇనొచ్చిందిరా. ఎన్కకెల్లి గూడ. ఎవలో వచ్చిన్రనుకొని రెండుపార్లు తిరిగి సూసిన."

డబ్బా కాలింది. మాట మాటే. దుకాణంలో నా కోసం కాచుకున్న ఆ కౌంటర్ కళ్లముందు కదిలింది. నాయిన రిమోట్‌ను జాగ్రత్తగా స్టూలు మీద పెట్టి, లేచి, కండువా దులుపుకున్నాడు.

"రేపు నౌకరికి టైముకు పో" అన్నాడు.

ఆ పందెం సంగతి ఇంకెప్పుడూ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కొత్త డబ్బా చాలాకాలం కొనలేదు, కానీ ఆ రాత్రి నేను పడుకున్నంత హాయిగా డబ్బా ఉన్నప్పుడు ఎన్నడూ పడుకోలేదు. ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే, జూల్స్ గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పే ఆ కుర్రాడు ఎదురైతే బాగుండుననిపిస్తుంది. ఆపను, సరిదిద్దను. ఒక చాయ్ ఇప్పించి మొత్తం చెప్పనిస్తాను. అంత నమ్మకంగా మాట్లాడటం నాకు మళ్లీ చేతకాలేదు.