దిగేదాకా చూడాల

విమానం వచ్చిందని మా పిల్లలు కేక పెడితే నేను వాకిట్లోకి పోను. భయమని నవ్వుతారు. నవ్వనీ.

ఎనభైల్లో ఒక ఎండాకాలం, నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే మా బస్సు శిరివెళ్ల దాటినాక పంచరైంది. అందరం దిగి రోడ్డు పక్కన నిలబడ్డాం. అంతలో చెవులు పగిలే చప్పుడుతో ఒక యుద్ధవిమానం మా నెత్తిన పోయింది. డ్రైవరు కూడా జాకీ వదిలేసి పైకి చూశాడు. నా పక్క సీట్లో వచ్చిన పెద్దాయన మాత్రం తల వంచుకొని నేలనే చూస్తున్నాడు.

"ఏందన్నా, నువ్వు చూడవా?" అన్నాను.

"చూస్తే దిగేదాకా చూడాల."

ఆయన విమానాల ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసి మానేశాడట. కొత్త రకం విమానాన్ని గట్టి వేగంలో నడిపి పరీక్ష చేసే రోజు, అది దిగేదాకా కిందున్నోళ్లు కన్ను తిప్పగూడదని వాళ్లలో ఒక పట్టింపు.

"రెక్క ఎంత వేగానికి ఓర్చుకుంటాదో లెక్క గట్టింటారు. అది నిజమో కాదో మనిషి ఎక్కి పోతేనే తెలిసేది. ఒక పొద్దు అట్లా పరీక్ష జరుగుతాంటే, ఎవరో టీ ఇస్తే అందుకుందామని తల తిప్పినా."

మళ్లీ చూసేసరికి రెక్క విరిగి విమానం కూలిపోయింది, ఆకాశంలో పొగ తప్ప ఏమీ లేదట.

"రెక్క ఇరిగితే నీ తప్పేముందన్నా?" అన్నాను.



"ఏ వేగంలో ఇరుగుతాదో తెలిసొచ్చింది. రెక్క మార్చినారు. ఆ తర్వాత ఒక్కటీ ఇరగలే."

తల ఎత్తకుండానే, చప్పుడు పోయిన దిక్కుకు చెయ్యి చూపించాడు.

"ఇప్పుడు పోయింది ఆ రకమే."