తమంతట తాము లేచిన బాతులు

జోసెఫిన్ పని ఆకాశాలు బాగుచేయడం. యానాంలో నాగసాయి ఫొటో స్టూడియోలో, మెట్ల కింద ఉన్న చిన్న గదిలో కంప్యూటరు ముందు కూర్చుని పెళ్ళి ఆల్బములు తయారుచేస్తుంది. ఆ స్టూడియో నాగసాయి తండ్రి చేతిలో ఉన్నప్పుడు, లంగా ఓణీల వయసులో, ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు తలలో తెల్లవెంట్రుకలు కనిపిస్తున్నాయి. కుర్చీ మారింది గానీ గది మారలేదు. పెళ్ళికూతురి తల వెనక కరెంటు తీగలు పడితే చెరిపేస్తుంది. మబ్బు రోజున తీసిన ఫొటోకి నీలం అద్దుతుంది. మరీ బోసిగా ఉందనుకుంటే ఎగిరే పక్షుల గుంపొకటి తెచ్చి అతికిస్తుంది. ఆ పక్షులు ఏ దేశానివో ఆమెకు తెలియదు. కనకాలపేట పెళ్ళి మీదా అవే ఎగిరాయి, అగ్రహారం పెళ్ళి మీదా అవే ఎగిరాయి.

ఇళ్ళ మీద క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజులవి. కీర్తి అనే అమ్మాయికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికి ముందు ఫొటోలు పక్కనున్న అడవిపొలం అనే ఊళ్ళో, చెరువుగట్ల మీద, మంచులో తీయాలని ముచ్చటపడింది. స్టూడియో కుర్రాడికి జ్వరం రావడంతో, వెలుగు పట్టే తెల్ల అట్ట పట్టుకోవడానికి నాగసాయి జోసెఫిన్ని తీసుకెళ్ళాడు.

తెలతెలవారుతోంది. గట్టు కనిపిస్తోంది గానీ గట్టుకి అటూ ఇటూ నీళ్ళున్నాయో పాలున్నాయో తెలియడం లేదు. అంతలో ఎక్కడో ఈల వినిపించింది. దానికి బదులుగా ఇంకో ఈల. మంచు లోంచి గోధుమరంగు బాతుల గుంపొకటి నేరుగా వాళ్ళ తలల మీదికి వచ్చి, ఒక్కసారి ఒరిగి, తుంగ మొలిచిన పాత చెరువులోకి జారిపోయింది. రెక్కల గాలి చెంపకు తగిలినట్టే అనిపించింది జోసెఫిన్‌కి.

"అక్కా, వెలుగు! వెలుగు అమ్మాయి మొహం మీద పడాలి!" అని నాగసాయి అరిచాడు.

అట్ట ఎప్పుడో ఆకాశం వైపు తిరిగిపోయింది. ఆమె మొహం కూడా అటే ఉంది.

ఆ వారమే నాగసాయిని అడిగింది. "స్టూడియోలో వాడని ఆ పాత కెమెరా ఆదివారాలు నేను పట్టుకెళ్ళనా?"

"ఎందుకక్కా?"

"ఎగిరే బాతుల్ని తీయాలి."

"ఓస్, నెట్లో బోలెడున్నాయి. ఎన్ని కావాలంటే అన్ని దింపుకో."

"అవి నేను చూసినవి కాదు కదరా," అంది.

నాగసాయి కెమెరా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పొడవు లెన్సు కూడా తీసి ఇచ్చాడు. ఇంట్లో తల్లి ఆరోగ్యమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "పొద్దుటి పూజ మానేసి బాతుల ఎనకాల తిరుగుతావంటే!" అని కేకలేసింది. చర్చిలో రెండో పూజకి వస్తానని ఒట్టేశాకే స్కూటీ తాళం చేతికిచ్చింది.

కానీ బాతులు దొరకలేదు. జోసెఫిన్ వెళ్ళేసరికి అవి చెరువులో దిగిపోయి ఉండేవి. రాత్రంతా వరిచేలల్లో తిరిగి వచ్చాయేమో, ముక్కులు రెక్కల్లో దోపుకుని నిద్రపోయేవి. గాలి ఎటు నెడితే అటు, నిద్రలోనే మెల్లగా తిరిగేవి. వాటిని చూస్తూ గట్టు మీద కూర్చుంటే ఆమెకీ కళ్ళు మూతలు పడేవి. తను కూడా నీటి మీదే తేలుతున్నట్టు ఉండేది. కాసేపటికి చర్చి గంట గుర్తొచ్చి గబగబా లేచేది.

ఒక ఆదివారం ఆ చెరువుల రైతు ఉమామహేశ్వరం ఆమె దగ్గరికి వచ్చాడు. తాళ్ళరేవు అవతలి నుంచి రొయ్యల సాగు కోసం వచ్చి ఇక్కడే స్థిరపడిన పెద్దాయన. పక్షులు రొయ్యల చెరువుల్లో వాలకుండా టపాకాయలు కాల్పిస్తుంటాడు. తుంగ చెరువు కూడా ఆయనదే. తెగుళ్ళొచ్చి వదిలేశాడు.

"ఏటమ్మా, ఆదోరం ఆదోరం వచ్చి కూకుంటున్నారు?"

"అవి ఎగిరితే ఫొటో తీద్దామనండి."

"ఆయ్, దానికేనా! ఎగరాలంతేగా? ఉండండి, నేను లేపుతాను."

ఆమె వద్దనేలోపే టపాకాయ పేలింది. చెరువు చెరువంతా ఒక్కసారి పైకి లేచింది. జోసెఫిన్ వేలు దానంతటదే మీట నొక్కేసింది. ఫొటో అద్భుతంగా వచ్చింది. ప్రతి ఈకా కనబడుతోంది, కాళ్ళ నుంచి రాలుతున్న నీటిచుక్కలు గాలిలో ఆగిపోయి ఉన్నాయి. నాగసాయి దాన్ని పెద్దది చేయించి స్టూడియో గుమ్మం పక్కన పెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. తీసింది జోసెఫినే అంటే నమ్మనివాళ్ళూ ఉన్నారు.

ఆమె కూడా కొన్నాళ్ళు మురిసిపోయింది. ఒక మధ్యాహ్నం, పని లేనప్పుడు, ఆ ఫొటోని కంప్యూటరులో తెరిచి ఒక్కొక్క బాతునీ దగ్గరగా చూసుకుంది. మెడలు బిగుసుకుని ఉన్నాయి. ముక్కులు తెరుచుకుని ఉన్నాయి. ఒకటి ఇంకోదాన్ని గుద్దుకుంది. ఓ మూల బాతు ఒకటి వెనక్కి తిరిగి చూస్తోంది. దాని పిల్లలేమైనా వెనక ఉండిపోయాయా అనిపించింది. పెళ్ళిపీటల మీద ఇష్టం లేకుండా నవ్విన మొహాలు ఆమె ఇన్నేళ్ళలో చాలా చూసింది. అలాంటి ఫొటో ఎదురైనప్పుడల్లా గబగబా తర్వాతి దానికి వెళ్ళిపోయేది. ఇప్పుడు ఈ ఫొటోని కూడా మూసేసింది.

మరుసటి ఆదివారం ఉమామహేశ్వరంతో చెప్పింది. "ఇంకెప్పుడూ నా కోసం కాల్చకండి."

"అదేటి! బాగా వచ్చిందన్నారు కదమ్మా?"

"బాగానే వచ్చిందండి. కానీ అవి ఎగరట్లేదు, పారిపోతున్నాయి."

ఆయన తుంగ చెరువు వైపు తిరిగి చూశాడు. నవ్వుతాడేమో అనుకుంది గానీ నవ్వలేదు.

"అయితే పొద్దున్న కాదమ్మా. సాయంత్రం దీపాలెట్టే ఏళకి రండి. అప్పుడు ఆటి అంతట అయ్యే ఎళ్తాయి."

ముహూర్తాలు లేని రోజుల్లో నాగసాయి ఆమెను పెందలాడే పంపేవాడు. అలా మొదటిసారి ఆ చెరువు మీద పొద్దుగుంకడం చూసింది. నీళ్ళు ముందు ఇత్తడి రంగు తిరిగాయి, తర్వాత చల్లారిన బూడిద రంగు. నిద్రలేచిన బాతు ఒకటి మెడ చాచి ఈల వేసింది. ఇంకోటి అందుకుంది. పొరుగిళ్ళ వాళ్ళు ప్రయాణానికి ఒకరినొకరు పిలుచుకుంటున్నట్టు, చెరువు ఈ కొస నుంచి ఆ కొసకి ఆ పిలుపులు పాకాయి. తర్వాత అవన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. జోసెఫిన్ కెమెరా ఎత్తింది. ఏ టపాకాయ చప్పుడూ లేకుండానే, నీళ్ళే కొంచెం పైకి లేచినట్టు గుంపు లేచింది. తొందర లేదు. చెరువు చుట్టూ ఒక్క తిరుగు తిరిగి, మడ అడవి మీదుగా పొలాల వైపు సాగిపోయింది.

ఫొటోలో ఏమీ రాలేదు. ఆ వెలుగు చాలదు. అంతా అలుక్కుపోయింది. ఆ చలికాలమంతా అంతే. సాయంత్రం తీయడం, పొద్దున్నే చెరిపేయడం. "గుమ్మం దగ్గర అంత మంచి ఫొటో ఉండగా ఇదేం పట్టుదలక్కా?" అన్నాడు నాగసాయి. అయినా ఆమె చెరువుకి వెళ్ళకుండా ఉండలేకపోయింది.

మరుసటి చలికాలంలో, గోదావరి మీంచి పల్చటి మంచు ముందుగానే కమ్ముకున్న ఒక సాయంత్రం, గుంపు తిరుగుతుంటే ఆమె కెమెరాని కూడా వాటితో పాటే, అదే నెమ్మదితో తిప్పింది. మీట నొక్కిన సంగతి కూడా తర్వాత గాని గుర్తురాలేదు. ఇంటికొచ్చి చూసుకుంటే, రెక్కలు రెక్కలుగా లేవు. బూడిదరంగు మంచులో మెత్తటి గోధుమ చారలు, ఒకదాని వెంట ఒకటి, ఒంపు తిరుగుతూ పోతున్నాయి. మధ్యలో ఒక్క బాతు తల మాత్రం తేటగా ఉంది. దాని కన్ను ముందుకే చూస్తోంది.

తల్లికి చూపించింది. ఆరోగ్యమ్మ కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది.

"ఇందులో బాతులేవే?"

"అవేనమ్మా."

"ఇయ్యా? నేత చీర అంచనుకున్నాను." మళ్ళీ ఫొటో మీదికి వంగి, "ఎంత నిదానంగా ఎళ్తన్నాయో," అంది. ఆ మాట విని జోసెఫిన్ తల్లి భుజం మీద తల ఆనించింది.

గుమ్మం పక్కన పాత ఫొటోయే ఉంది, జనానికి అదే ఇష్టం. కొత్తది జోసెఫిన్ మంచానికి ఎదురుగోడ మీద ఉంది. ఇంకొకటి ఉమామహేశ్వరానికి ఇచ్చింది. ఆయన దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టాడో చెప్పలేదు. కానీ తర్వాతి సాయంత్రం ఆమె వెళ్ళేసరికి చెరువుగట్ల మీద ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంది. చీకటి పడుతున్నా రొయ్యల చెరువుల్లో నీటిని చిలికే మోటార్లు ఇంకా వేయలేదు. ఆయన స్విచ్చుల పాక దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"మోటార్లు పాడయ్యాయా అండీ?"

"లేదమ్మా. ఆ బాతులు ఎళ్ళాక ఏత్తాను. కాసేపే కదా."

ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఈలలు మొదలయ్యాయి, ఆగాయి. గుంపు లేచి, తిరిగి, మడ అడవి దాటింది. చివరి ఈల కూడా వినబడకుండా పోయాక ఉమామహేశ్వరం స్విచ్చులు వేశాడు. ఒక్కో చెరువులో నీళ్ళు తెల్లగా నురగలు కడుతుంటే, జోసెఫిన్ స్కూటీని గట్టు మీద నడిపించుకుంటూ రోడ్డు వైపు వెళ్ళింది.