తెర పక్కన దోరకాయ

మొన్న మా మేనకోడలు ఫోటోల పనికని కొత్త మానిటర్ కొనుక్కుని, దాని తెరకు చిన్న పరికరమొకటి తగిలించి, అదే రంగులన్నీ కొలిచి సరిచేసుకుంటూ ఉంటే, వెనక కూర్చున్న మా బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. చూసుకుంటే టమాటా గుర్తొస్తుంది.

డిజిటల్ కెమెరాలు కొత్తగా వచ్చిన రోజుల్లో పుంగనూరులో బావకు స్టూడియో ఉండేది. డిగ్రీ చదివి ఇంకే పనికీ పిలుపు రాని నేను అందులో సలహాదారుణ్ణి. మానిటర్ కొనడానికి పోయినప్పుడు, సంతలో ఎద్దును చూసినట్టు ముందూ వెనకా చూసి, పక్కకు జరిగితే రంగు మారే పల్చటి తెరలను నమ్మేది లేదని, ఇద్దరం మోస్తేగానీ కదలని డబ్బా మానిటరే తెచ్చాడు బావ. అది మంచి నిర్ణయమే. మా మంచి నిర్ణయాలు అంతటితో అయిపోయాయి.

తెర మీద ఒక రంగు, మదనపల్లె ల్యాబులో ప్రింటు వేయిస్తే ఇంకో రంగు. బాగా తెలిసిన వస్తువును ఫోటో తీసి, ఆ వస్తువునే తెర పక్కన పెట్టుకుని, రెండూ ఒకటయ్యేదాకా మానిటర్ బటన్లు తిప్పుకోమని ల్యాబాయన చెప్పాడు. టమాటా పండించే ఇంట్లో పుట్టిన బావ, దూరం పోయే లారీలకు కోసే దోరకాయ ఒకటి తెచ్చి పెట్టాడు.

ఆ వారమే మా అక్క, అంటే బావ భార్య, పోయింది. కుప్పంలో చిన్నాయన కూతురి పెళ్లిలో తీసిన ఫోటో ఒక్కటే ఆమెది బాగుంది. పెద్దకర్మకు దాన్నే పటం కట్టించాలని బావ పట్టు. పొద్దున్నే తెరను టమాటాకు సరిపెట్టడం, ఆ తెర మీద అక్క మొహం దిద్దడం, మదనపల్లె బస్సెక్కడం. ఫోటోలోది దోరకాయే, బల్లమీదిది మాత్రం దాని పని అది చేసుకుంటూ పండుతోంది. దానితోపాటు తెరా ఎర్రబడుతోంది. అక్క మొహంలో ఎరుపెక్కువైందని బావ రోజూ కొంత తీసేస్తున్నాడు. ప్రింటులో అక్క పాలిపోయి, ఆకుపచ్చ తిరుగుతోంది.

"మీ అక్క ఇట్లుండ్లేదప్పా," అనేవాడు బస్సు దిగి. "ఇంగొకసారి సూస్తాం."

చూసిన ప్రతిసారీ పాతదాని మీదే సేవ్ చేసేవాడు. కెమెరాలోని అసలు ఫోటోను ఇంకెవరి పెళ్లికో అప్పటికే చెరిపేసి ఉన్నాం. టమాటా కుళ్లితేగానీ మాకు సంగతి తట్టలేదు. ఆ పటమే గోడకెక్కింది.

మొన్న మేనకోడలు ఆ ఫోటో దాచిన పాత సీడీ తెరిచింది. కొత్త తెర అబద్ధమాడలేదు. అక్క ఆకుపచ్చగానే ఉంది.

"అమ్మ ఏం రంగుండేది మామా? చెప్తే సరిచేస్తా," అంది.

నేను బావ వైపు చూశాను, బావ నా వైపు చూశాడు. ఇన్నేళ్లుగా పటమే చూసిన మా ఇద్దరికీ, కళ్లు మూసుకున్నా ఆ పటంలోని రంగే కనబడింది.

ఇప్పటి టమాటాలు అట్లా కావు. తోలు గట్టిపడి, కోసి వారమైనా కోసిననాటి రంగులోనే ఉంటాయి. నిన్న మార్కెట్లో బావ ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, చాలాసేపు చూసి, మళ్లీ గంపలోనే పెట్టేశాడు.