తలుపుల మీద పేర్లు

నా చిన్నప్పుడు, ఒక వేసవి ఉదయం, మా అమ్మమ్మగారి జీడితోటలో డబ్బా చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. భయమంటే ఏమిటో నాకు మొదటిసారి తెలిసింది ఆ క్షణంలోనే. అప్పటికి నాకేమీ కనిపించలేదు, ఎవరూ అరవలేదు. చప్పుడు ఆగింది, అంతే. నా చేతిలోని బుట్ట దానంతటదే జారిపోయింది.

మా ఉద్దానం వైపు వాళ్ళకు ఆ చప్పుడు సంగతి చెప్పనక్కర్లేదు. జీడిపళ్ళు ముగ్గి రాలే రోజుల్లో తోటంతా పులిసిన వాసన వేస్తుంది. ఆ వాసనకు ఎలుగుబంట్లు వస్తాయి. జీడికొమ్మలు నేల మీదికి వాలి గుడారంలా కమ్ముకుని ఉంటాయి కాబట్టి, వాటి కింద ఏముందో పక్కకు వచ్చేదాకా తెలియదు. ఎలుగు మనిషిని వెతుక్కుంటూ రాదు. మనిషే చప్పుడు లేకుండా దాని మీదికి వెళ్ళిపోతే మాత్రం వదలదు. అందుకని తోటలో ముందు నడిచేవాళ్ళు పాత నూనె డబ్బా మీద కర్రతో కొట్టుకుంటూ వెళతారు.

ఆ రోజు డబ్బా పట్టుకున్నది మా పెద్దమ్మ. ఆమె వెనక అమ్మమ్మ, ఆ వెనక నేను. ఒక చెట్టు కింద జీడిపిక్కలు గుట్టగా రాలి ఉండటం చూసి పెద్దమ్మ డబ్బా కింద పెట్టి వంగింది. కొమ్మల చాటు నుంచి నల్లగా ఏదో లేచి నిలబడింది. ఆమె తలెత్తే లోపే మీద పడింది. దాని గోళ్ళు పెద్దమ్మ నెత్తి మీది చర్మాన్ని జుట్టుతో సహా వెనక్కి లాగేయడం నేను చూశాను. ముఖం ఎక్కడుందో తెలియనంత నెత్తురు. ఆమె ఒక్కసారి అరిచింది. తర్వాత గురగురమనే శబ్దం తప్ప ఏమీ వినిపించలేదు. అది ఎలుగుదో పెద్దమ్మదో ఇప్పటికీ చెప్పలేను.

అమ్మమ్మ వెనక్కి పరిగెత్తుతుందనుకున్నాను. ఆమె ముందుకు వెళ్ళింది. కింద పడి ఉన్న డబ్బా అందుకుని, కర్ర దొరక్క, చేతిలో ఉన్న కొడవలి పిడితో బాదుతూ నా వైపు తిరగకుండానే కేకేసింది.

"ఒలే గుంటా, అరువ్! నోరు ముయ్యకు!"

"రండీ... రండీ..." అని అరిచాను.

"అలాక్కాదే! వరస పెట్టి పిలువ్! బావితోట మావా అను! పడమటి తోట అత్తా అను!"

బావితోట మావను పిలిచాను. పడమటి తోట అత్తను పిలిచాను. పనసచెట్టు బాబాయిని, గట్టు మీద తాతను, గుర్తొచ్చిన వాళ్ళందరినీ పిలిచాను. ఒక్కో పిలుపుకీ ఎక్కడి నుంచో ఒక "ఓ..." వచ్చింది. ఆ తర్వాత కాళ్ళ చప్పుళ్ళు, డబ్బాల మోతలు. బావితోట మావ కర్రతో దాని మూతి మీద కొట్టాడు. అది ఆయన వైపు తిరిగి ముంజేతిని కొరికింది, ఎముక విరిగింది. అప్పటికి చుట్టూ జనం గుమిగూడారు. కాసేపటికి అది పెద్దమ్మను వదిలి కొమ్మల్ని విరుచుకుంటూ పోయింది.

పెద్దమ్మ బతికింది. ఒక కన్ను పోయింది. నెత్తి మీద అరచేయంత మేర మళ్ళీ జుట్టు రాలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని అమ్మమ్మను అడిగాను, అది నీ మీదికి వస్తే ఏం చేసేదానివని.

"వస్తే వస్తాది. ఏటి సేస్తాం? కింద పడ్డ దానికి మనమొచ్చినట్టు తెలవాలి కదే. తెలిస్తే మీ పెద్దమ్మ ఊపిరి వదలదు."

మరి వరస పెట్టి ఎందుకు పిలవమన్నావంటే, నా తలకు అంటిన జీడి జిగురు గోకుతూ చెప్పింది. "ఊరికే రండంటే, ఇంకెవులో ఎల్తారులే అనుకుని ఎవులి తోటలో ఆలుంటారు. నిన్నే మావా అంటే ఆడి కాలు ఆగదు."

ఆ తర్వాతి వేసవికి పెద్దమ్మ నెత్తికి చెంగు బిగించుకుని మళ్ళీ డబ్బా పట్టుకుంది. ఇదివరకటి కన్నా గట్టిగా కొట్టేది. "సాల్లేయే, ఎలుగులకి సెవుడొచ్చీగలదు," అని అత్త వెక్కిరించేది.

పెద్దయ్యాక నేను డిగ్రీ చదవడానికి అమెరికా వెళ్ళాను. మా వైపు నుంచి అక్కడికి వెళ్ళేవాళ్ళు ఇంజనీరింగ్ ఇక్కడ ముగించి పై చదువుకే వెళతారు. నాకు మాత్రం ఇంటర్ కాగానే ఒక చిన్న విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇచ్చింది. చుట్టూ మొక్కజొన్న పొలాలు, మధ్యలో ఇటుక భవనాలు. మా హాస్టల్లో నా భాష తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

అక్కడ నేను మొదట నేర్చుకున్నది గొంతు తగ్గించడం. ఇంటికి ఫోన్ చేస్తే ఎవరితోనో పోట్లాడుతున్నానని పక్కగది వాళ్ళు అనుకున్నారు. ఆ తర్వాత నుంచి దుప్పట్లో దూరి మాట్లాడేదాన్ని. "అలా గుసగుసలాడతావేటే, ఏటయింది నీకు?" అని అమ్మ కంగారుపడేది. అక్కడ మూసిన తలుపును గౌరవించడమే మర్యాద. గోడకు అవతల ఉన్న మనిషిని పిలవాలన్నా ఫోన్లో మెసేజ్ పెట్టేవాళ్ళం. తరగతిలో మాట్లాడినందుకు కూడా మార్కులుండేవి. నేను రాసేది బాగుంటుంది కానీ నా గొంతు ఇంకా వినలేదని ఒక ప్రొఫెసర్ గారు అన్నారు.

నేను గొంతు ఎత్తకపోవడానికి మరో కారణం కూడా ఉంది. విదేశీ విద్యార్థుల ఆఫీసులో మొదటి వారమే మమ్మల్ని కూర్చోబెట్టి, ఏ గొడవలోనూ ఇరుక్కోవద్దని, కేసంటూ అయితే వీసాకే ముప్పని హెచ్చరించారు. ఆ మాట నా వెన్నులో ఒక చలిలా ఉండిపోయింది. రోడ్డు దాటేటప్పుడు కూడా ఎవరైనా చూస్తున్నారేమో అనుకునేదాన్ని.

ఎదురుగది అమ్మాయి ఆ చలిని కొంచెం తగ్గించింది. రైతుల ఇంటి పిల్ల. మంచు గడ్డ మీద జారిపోకుండా బాతులా ఎలా నడవాలో నాకు నేర్పింది. మా ఆవకాయ తిని కళ్ళనీళ్ళు కారుస్తూ మళ్ళీ వేయమంది. ఆమె స్నేహితుడు వారం వారం వచ్చేవాడు. వాడు వచ్చి వెళ్ళాక ఆమె పొడుగు చేతుల చొక్కాలు వేసుకునేది. ఒకసారి మణికట్టు దగ్గర నీలంగా కమిలి ఉండటం చూసి అడిగాను. తలుపు తగిలిందంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం మంచు పడుతుంటే అందరూ గదుల్లోనే ఉన్నారు. నేను అన్నం వార్చుకుని కంచంలో పెట్టుకున్నాను. ఎదురుగదిలో ఏదో బరువైనది గోడకు కొట్టుకుంది. ఒకటి కాదు, వరసగా. వాడి తిట్లు, ఆమె ఏడుపు, వద్దు వద్దని బతిమాలడం, ఏదో పగలడం. తర్వాత ఆమె గొంతు ఆగిపోయింది.

ఆ ఆగడం నాకు తెలుసు.

ముందుగా నాకు వచ్చిన ఆలోచన ఆమె గురించి కాదు, పోలీసులు వస్తే నా పాస్‌పోర్టు అడుగుతారేమోనని. ఆ ఆలోచన ఉండగానే నా చేయి కంచంలోని అన్నాన్ని మంచం మీద బోర్లించేసింది. అమ్మ సర్ది పంపిన స్టీలు కంచం, స్టీలు గరిటె. తలుపు తీసి వరండాలోకి వచ్చాను. చుట్టుపక్కల తలుపులు ఒకటి రెండు అంగుళమంత తెరుచుకుని మళ్ళీ మూసుకున్నాయి. అందరూ విన్నారు. ఇంకెవరో ఫోన్ చేసే ఉంటారని అందరూ అనుకుంటున్నారు.

గరిటెతో కంచం మీద బాదడం మొదలుపెట్టాను. నోట్లోంచి ముందు తెలుగే వచ్చింది. రండే, రండే అని అరిచాను. ఒక్క తలుపూ కదల్లేదు. వరస పెట్టి పిలుద్దామంటే అక్కడ నాకు మావలూ అత్తలూ లేరు. అప్పుడు తలుపుల మీద కాగితాలు కనబడ్డాయి. హాస్టల్ చూసుకునే సీనియర్ అమ్మాయి ఏడాది మొదట్లో రంగు కాగితాలను చేపల్లా కత్తిరించి, ఒక్కో చేప మీద ఒక్కో పేరు రాసి అంటించింది. రోజూ చూసేవే. వాటిని చదువుతూ ఆ పొడుగు వరండా పొడవునా పరిగెత్తాను. ఒక్కో తలుపును తన్ని, ఒక్కో పేరు పెట్టి, నువ్వే, నువ్వే రావాలి అని అరిచాను.

పేరు విన్న ప్రతి తలుపూ తెరుచుకుంది. తలకు తువ్వాలు చుట్టుకున్న అమ్మాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్న అమ్మాయి, వాలీబాల్ ఆడే ఇద్దరు పొడుగు పిల్లలు. ఒకామె పోలీసులకు ఫోన్ చేస్తోంది. అందరం ఎదురుగది తలుపు మీద పడి బాదాం.

వాడే తలుపు తీశాడు. పిడికిళ్ళు నెత్తురుగా ఉన్నాయి. ముందు నేనే ఉన్నాను కాబట్టి ముందు నన్నే కొట్టాడు. కంచం అంచు నా కనుబొమను కోసింది. నేల మీద పడ్డాను. నా పక్కటెముకల్లో తన్నాడు. రెండోసారి తన్నబోయేసరికి వాలీబాల్ పిల్ల వాడి మెడ చుట్టూ చేయి వేసి వెనక్కి లాగింది. వాడు ఆమె మోచేతిని కొరికాడు. ఆమె వదల్లేదు. వాడి జుట్టు పట్టుకున్నవాళ్ళు, చొక్కా పట్టుకున్నవాళ్ళు, చెప్పుతో ముఖం మీద కొట్టినవాళ్ళు, అంత నెమ్మదిగా మాట్లాడే పిల్లలే అందరూ. చివరికి వాడిని బోర్లా పడేసి మీద కూర్చున్నారు. పోలీసులు వచ్చేదాకా లేవలేదు.

గదిలో ఆమె మంచానికీ గోడకీ మధ్య పడి ఉంది. పెదవి చీలింది, ఒక పన్ను నేల మీద ఉంది. మెడ మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా లేచి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, వాటి నిండా నెత్తురు జీరలు. నేను పాకుతూ వెళ్ళి ఆమె చేయి పట్టుకున్నాను. నా నుదుటి నెత్తురు ఆమె చొక్కా మీద పడుతోంది.

ఆ మధ్యాహ్నం పోలీసు ఆవిడ జరిగింది రాసుకుని, నా కనుబొమకు గుడ్డ అదిమి పట్టుకోమని చెప్పి వెళ్ళింది. నా వీసా ఊసే ఎత్తలేదు. నేనే అడిగితే, దానికీ దీనికీ ఏం సంబంధమన్నట్టు చూసింది.

ఆసుపత్రిలో ఎదురుగది అమ్మాయి మాట్లాడగలిగాక చెప్పింది. వాడి చేతులు మెడ మీద ఉన్నప్పుడు బయట ఎవరో పేర్లు పిలవడం వినిపించిందట. తనకు తెలిసిన పేర్లే, ఒకటి తర్వాత ఒకటి. తర్వాతి పేరు వినేదాకా ఆగుదాం, ఇంకొక్క పేరు వినేదాకా ఆగుదాం అనుకుందట. అమ్మమ్మకు ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. "కంచం సొట్టపోయిందా?" అని అడిగింది.

చదువయ్యాక తిరిగొచ్చి మా వైపే, అరసవల్లిలో ఉంటున్నాను. ఇవన్నీ ఇప్పుడు, పిల్లలు పడుకున్నాక, ఎందుకు రాస్తున్నానంటే మొన్న సాయంత్రం మా పెద్దది స్కూలు ఆటోలోంచి చిట్లిన పెదవితో దిగింది. గడపలోకి రాకముందే నేనా నెత్తురు చూశాను. ఆటోలో పెద్ద తరగతి పిల్ల ఒకతె చిన్నపిల్ల జుట్టు పట్టుకుని తలను ఇనుప కమ్మీకి కొడుతుంటే, ఇది మధ్యలో దూరిందట. "అందరూ సూస్తన్నారమ్మా, ఎవులూ ఏటీ అనలేదు," అంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, నీకెందుకే అని. అది నా కనుబొమ మీది గీత వైపు చూసి తల దించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వీధి తలుపు గడియ వేసి ఉందో లేదో మళ్ళీ మళ్ళీ లేచి చూశాను. నా పిల్లలు ఎవరి మీదికి వచ్చే దెబ్బకీ అడ్డు పోకూడదు. ఇది నా మనసు. అదే మనసు అమ్మమ్మకూ ఉండి ఉంటే పెద్దమ్మ లేదు, ఎదురుగది అమ్మాయీ లేదు.

మర్నాడు ఉదయం అరసవల్లి వీధిలో ఆటో హారన్ వినబడేలోగా ఇద్దరినీ కూర్చోబెట్టి, పెద్దదానికి పెదవి మంట పుట్టకుండా చల్లటి పెరుగన్నం తినిపిస్తూ అడిగాను, మీ ఆటోలో ఎవరెవరు ఉంటారని. "జడల అమ్మాయి, కళ్ళజోడు అన్న, డ్రైవర్ అంకుల్," అన్నాడు చిన్నోడు. పెద్దదానికి తన క్లాసు వాళ్ళ పేర్లు తప్ప తెలియవు. దెబ్బలు తిన్న చిన్నపిల్ల పేరు కూడా తెలియదు.

"నిన్న వెళ్ళడం తప్పు కాదు," అని చెప్పాను. "ఒక్కదానివే వెళ్ళడమే నాకు భయం. ఈసారి ముందు గట్టిగా అరువ్. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలువ్. అందుకని ఇవాళ ఆటోలో ఉన్న అందరి పేర్లూ అడిగి తెలుసుకుని రండి. డ్రైవర్ మావ పేరు కూడా. ముందు ఆ చిన్నపిల్ల పేరు అడగండి."